స్లిప్పు

ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
ఆరు కంప్యూటర్లు, నాలుగు కుర్చీలు.
రొయ్యల డిపోలో బిల్లులు రాసొచ్చిన చేతుల్తో
కీబోర్డు ముట్టుకోవాలంటే మొహమాటం నాకు,
రెండుసార్లు సబ్బెట్టినా పోదు ఆ వాసన.

ముప్పై రెండు కేజీలు, కేజీ మూడొందల ఎనభై.
ఫంక్షన్ రాశాను, పేరు 'ధర'.
తెర మీద పన్నెండు వేల నూట అరవై!
పక్క కుర్చీ కుర్రాణ్ణి పిలిచి మరీ చూపించాను.
తీరా ఆ అంకెని 'మొత్తం'లో వేసుకుని
మళ్ళీ అడిగితే
నన్ అంది.
సున్నా కూడా కాదు. నన్.

కెజియా మేడం నాకంటే పదేళ్ళు చిన్న.
తప్పెక్కడో చెప్పకుండా
"మీ డిపోలో తూకం ఎవరేస్తారక్కా?" అంది.

మావుళ్ళు.
తెల్లారగట్ల నాలుగింటికి కాటా పక్కన నిలబడి
"నలభై కౌంటూ... ముప్పై రెండూ..." అని కేకేస్తే
ఉప్పుటేరు అవతల కొంగలు లేస్తాయి.
లారీవాళ్ళు వింటారు, ఐసు కొట్టేవాళ్ళు వింటారు.
నా బల్ల మీదికి స్లిప్పు రాకపోతే మాత్రం
ఆ రొయ్యలు తూగనట్టే.

"మీ ఫంక్షన్ కేకేసిందక్కా. స్లిప్పివ్వలేదు."

ప్రింట్ చెరిపి రిటర్న్ కొట్టాను.
ఈసారి తెర ఖాళీ.
గుండె జారింది. అరుపు లేకుండా
పనైందంటే నమ్మని ఊరు మాది.
'మొత్తం'ని మెల్లిగా అడిగాను,
కొంగున ముడేసుకున్న డబ్బు విప్పినట్టు
అంకె విప్పి చూపించింది.

రిటర్న్ కింద ఇంకో లైను రాసి చూశాను.
అది నడవనే లేదు.
"చీటీ చేతిలో పెట్టినోడు గేటు దాటేసినట్టే కదక్కా."

మెట్లు దిగుతుంటే కాలు ఆగింది.
పోయిన శ్రావణంలో ఒక రాత్రి
చెరువులో ఆక్సిజన్ రెండుకి పడిందని
మా ఆయన గట్టు మీంచి అరిచాడు.
విన్నాను. నిద్రలోనే 'ఊఁ' అన్నాను.
ఆ ఊఁ నాలోనే ఉండిపోయింది,
ఏరియేటర్ స్విచ్చి దాకా రాలేదు.
పొద్దున గట్టువారన తెల్లబడిన రొయ్యల్ని
ఇద్దరం మాట్లాడకుండా గంపలకెత్తాం.

మర్నాడు నాలుగింటికి
మావుళ్ళు కేక పూర్తవకముందే
కాటా దగ్గరికెళ్ళి చెయ్యి చాపాను.
చెవి మీది పెన్సిలు తీస్తూ
"వినపళ్ళేదా ఏంటి?" అన్నాడు.

వినపడింది.
ఇవ్వు.