చీమ నిద్ర

పర్లాకిమిడిలో పెద్ద బజారు దాటాక
తవిటయ్య గడియారాల కొట్టు.
కొట్టంటే ఏం లేదు. ఒక అద్దాల పెట్టె, ఒక బల్ల,
గోడ మీద పదిహేడు గడియారాలు.
ఏ రెండూ ఒక టైము చెప్పవు.
అక్కడికొచ్చే మనుషులూ అంతే.

రాత్రి ఏడున్నరకి జెరాక్సు మిషను మీద గుడ్డ కప్పి
తాళం వేసి ఎదురు అరుగు మీద కూచునేదాన్ని,
ఆటో కోసం అన్నట్టు.
ఆటోలు వచ్చేవి, పోయేవి.
ఏడాది పొడుగునా ఒక్క మాట ఆడలేదు నేను.
విన్నాను.

పఖాళా, చద్దన్నమూ ఒకటేనా అని నాలుగు రాత్రులు.
కానే కాదని పాణిగ్రాహి మాస్టారు.
ఒకటేనని సింహాద్రి, కొమ్ముతో కొంగల్ని చెక్కే సింహాద్రి.
నాలుగో రాత్రి ఇద్దరూ ఒకే గిన్నెలో తిని
ఇంకా గట్టిగా విడిపోయారు.
మహేంద్రతనయలో చేప ఇటునించి అటు ఈదితే
దాని పేరు మారుతుందా అని ఇంకో వారం.
మా సవర మాటలో దానికి మూడో పేరుందని
ఇలియాస్ రైకా చిన్నగా అనేసరికి
మొదట్నించి మళ్లీ మొదలు.

ఒక ముసురు రాత్రి
పాత కాగితం ఎందుకు పచ్చబడుతుందని పడ్డారు.
ఎండకి, అన్నారు అందరూ. అందరూ ఒకటే అనడం
అక్కడ నేనెప్పుడూ వినలేదు. భయమేసింది.
"పెట్టెలో దాచిందీ పచ్చబడతాది," అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
కంటికి భూతద్దం తీయకుండానే తవిటయ్య తలెత్తాడు.
ఆ ఒక్క పెద్ద కన్ను నన్నే చూసింది.
"ఏటమ్మా, ఇన్నాళ్లూ దాచీసినావు?"
అని స్టూలు ఇటు తోశాడు.

ఇంట్లో నావన్నీ పనిమాటలు.
గేసు అయిపోయింది. ఫేను కట్టు. పాలవాడికి ఇచ్చీసేవా.
ఇక్కడ పనికిరాని మాట ఒక్కటి చాలు,
అప్పుడే పుట్టిన మేకపిల్లలా
ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతుంది.
గెలిస్తే ఇచ్చేదేం లేదు. ఓడినవాడు టీ చెప్పాలి,
సింహాద్రి ఇప్పటికి ముప్పై టీలు బాకీ.
గొంతులు మరీ లేస్తే
తవిటయ్య పట్టకారుతో అద్దం మీద కొడతాడు, టిక్కు టిక్కుమని.
అంతకన్నా చట్టం లేదు.
ఒకసారి మాస్టారు అలిగి పదకొండు రోజులు రాలేదు.
పన్నెండోనాడు వచ్చి, కూర్చోకుండానే,
"అయినా నేనన్నదేమిటంటే" అన్నారు.
ఎంత హాయి వేసిందో.

చీమ నిద్రపోతుందా అన్నది ఇలియాస్ తెచ్చిన తగువు.
బడిలో ఎవరో పిల్ల అడిగిందట.
పోదు, కన్నుకి రెప్పేదీ, అని సింహాద్రి.
రెప్పకీ నిద్రకీ ఏటి సంబంధం, అని నేను.
అప్పుడే కరెంటు పోయింది.
పదిహేడు గడియారాలు చీకట్లో బయటపడ్డాయి.
మేమూ ఆపలేదు. మొహాల్లేకపోతే
మాట ఇంకా సూటిగా వస్తుందని ఆ రాత్రే తెలిసింది నాకు.
మాస్టారి గొంతు ఎంత పడుచుదో అని కూడా.

రోడ్డు మీంచి ఎవరో అన్నారు:
"పడుకుంటాది. కాసేపు, కాసేపు. నాను సూసినాను."
మేము తిరిగేలోపు సైకిలు బెల్లు,
తర్వాత ఏమీ లేదు.

లైట్లొచ్చాక అతగాడెటు వెళ్లాడని తగువు పడ్డాం.
కాశీనగర్ వైపని నేను. కాదు, ఏటివైపని ఇలియాస్.
నెల దాటింది, ఇంకా తేలలేదు.
అతనికో టీ బాకీ ఉన్నామని మాత్రం ఒప్పుకున్నాం.

మిగతావాళ్లతో అనలేదు గానీ
ఆటోలో నేను వేరేది ఆలోచిస్తూ వచ్చాను.
చీమ పడుకోవడం కంటబడాలంటే
ఆ మనిషి ఎన్ని రాత్రులు మేలుకున్నాడో.
ఎవరికి చెప్పుకున్నాడో, మాకంటే ముందు.

రేపు అడుగుతాను వాళ్లని.