చీమల బలపం

పార్సిల్లో వచ్చింది, సముద్రం అవతల నుంచి,
తడి నాచులో చుట్టిన నల్లటి గడ్డ.
అల్లం కొమ్మంత ఉంటుంది, ముడతలు ముడతలుగా,
పైన రెండే రెండు ఆకులు.
"దీనికి మన్ను వద్దు దొరసానమ్మా,
చెట్టుకొమ్మ పట్టుకుని బతికే జాతి" అన్నాడు రెడ్డెప్ప సారు.
మన్ను వద్దనే దాన్ని చూడడం అదే మొదలు నాకు.

కాలేజీ గాజుగదిలో, కొబ్బరిపీచు పలకకి తీగెతో కట్టినాం.
బయట తిరపతి ఎండ. అద్దాలకి సున్నం కొట్టినా
లోపల ఇడ్లీకుండే.
పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు పిచికారీ.
పలక చుట్టూ బలపంతో గీత గీసినాను,
చీమ దాటితే చచ్చే గీత.
పదహారేండ్ల కొలువులో నేను నేర్చిన చదువు అదొక్కటే.

ఆకు పెరగదు. పండదు. రాలదు.
అలిగిన చుట్టం మంచం దిగనట్టు
ఎనిమిది నెలలు అట్లే ఉండిపోయింది.

ఒకనాడు సారు ఎండిన గడ్డముక్క ఒకటి కోసి చూపించినాడు.
లోపలంతా గదులు.
గదికీ గదికీ సందు, సందు చివర వాకిలి.
కొర్లగుంటలో మా లైను ఇండ్ల మాదిరే,
కొళాయి ఒక్కటి తక్కువ.
"ఎవురుంటారు సార్ దీంట్లో?"
"చీమలు."
"అద్దె?"
నవ్వినాడు.
"అవి తిని పారేసే చెత్త. పురుగుల రెక్కలు, పెంట, దుమ్ము.
కొమ్మ మీద మన్ను యాడిది? అవే మోసుకొస్తాయి."

చేతిలో బలపం చూసుకున్నాను.
కాపురానికని కట్టుకున్న ఇంటికి
బయట గడియ పెట్టి
పైన నీళ్ళు చల్లతా ఉండాను, ఇన్నాళ్ళూ.

ఆ సాయంత్రం తడిగుడ్డతో గీత తుడిచేసినాను.
సారు సొరుగులో ఎవురో ఇచ్చిన లడ్డు,
పొట్లం అడుగున నాలుగు బూందీ పలుకులు
పలక అంచున పెట్టి
వెనక్కి చూడకుండా బస్సెక్కినాను.

అల్పపీడనమని టీవీ చెప్పేదానికి ముందురోజు
తెల్లగుడ్లు నోట కరుచుకుని
గోడ వెంబడి, తీగె వెంబడి, నల్లటి వరస.
అడ్వాన్సు లేదు.
వాకిట్లో నిలబెట్టి
మీరేమిట్లు అని అడిగింది లేదు.

మూడో ఆకు చుట్ట విప్పింది కార్తీకం దాటినాక.
సారు దాని గురించి ఏదో పత్రికకి రాసినాడు.
అందులో వేడి లెక్క ఉంది, తేమ లెక్క ఉంది.
బూందీ లేదు.

బలపం ఇంకా నా సంచిలోనే ఉంది.
ఇంట్లో చక్కెరడబ్బా చుట్టూ
గీయాల కదా.