రెండో కన్ను

పద్దెనిమిది మూరల ముతక గుడ్డ.
ఒక గోడ చాలక మూల తిరిగి
పక్క గోడ మీదికి పాకింది అడ్వా యుద్ధం.
ఆ ఏడు అడిస్ అబాబాలో వానలు ముందే దిగాయి.
రేకుల కప్పు మీద చినుకుల మోత వింటూ
ఫిరంగుల పొగ కోసం
బొగ్గు నూరేవాణ్ణి నేను.

మా గురువు ఎంగిదా
పూజారి కొడుకై ఉండీ పొడుం పీల్చేవాడు.
బొమ్మ దగ్గర మాత్రం ఒక్క తుమ్ము తుమ్మేవాడు కాదు.
మొదటిరోజే చెప్పాడు:
"మనవాళ్ళకి రెండు కళ్ళు.
శత్రువుకి ఒకటే.
మనవాడు నీకేసి సూటిగా చూస్తాడు.
వాడు పక్కకి తిరిగి ఉంటాడు.
దొంగ ఎక్కడైనా పూర్తి మొహం చూపిస్తాడా?"

ఆరు నెలలు కళ్ళే వేశాను.
గొడుగు కింద రాజుకి రెండు.
నీళ్ళకుండ మోసే ఆడమనిషికి రెండు.
మబ్బుల్లో తెల్లగుర్రం మీద జార్జి మహాత్ముడికి రెండు,
ఆయనా మనవైపే కదా.
ఇటలీవాళ్ళకి తలకొకటి.
చచ్చి పడున్నవాడికి కూడా ఒకటే,
మూసి ఉన్నా ఒకటే.

కుడివైపు, కింది మూల,
తెల్లవాళ్ళ వెనక ఎర్రటోపీల బారు.
కుచ్చులు వేలాడే పొడుగాటి టోపీలు.
వాటి కింద మొహాలు నల్లనివి,
నా నలుపే.
"వాళ్ళ కూలిసిపాయిలు. ఒకటి చాలు,"
అని గురువు కాఫీకి వెళ్ళాడు.

మా తాత జెరెజ్గి
ఆ టోపీ పెట్టుకున్నాడు.
అస్మారా అవతల రాళ్ళ ఊళ్ళో
పశువులన్నీ రోగమొచ్చి పోయి
మిగిలిన చేను మిడతలకి పోతే
జీతమిస్తానన్నవాడి తుపాకీ పట్టాడు.
ఓడిన రోజు పట్టుబడ్డాడు.
తెల్లవాళ్ళని బందీలుగా నడిపించుకుపోయారు.
తాతకి మాత్రం ద్రోహి లెక్క:
కుడి చెయ్యి, ఎడమ పాదం.

ఎడమచేత్తోనే ఇంజెరా తుంపి
నా నోట్లో పెట్టేవాడు.
అది తప్పని
బళ్ళో వేశాకే తెలిసింది నాకు.

గురువుకి ఇవేవీ చెప్పలేదు.
మా ఊరి పేరు కూడా వేరేది చెప్పి చేరాను.

మూడు రోజులు ఆ మూల ముందే కూర్చున్నాను,
కుంచె ఎండిపోతుంటే తడుపుకుంటూ.
రెండు కళ్ళు వేస్తే గురువు కంట పడకపోదు.
ఒకటి వేస్తే...
చెయ్యి వాళ్ళు తీశారు, కాలు వాళ్ళు తీశారు,
కన్ను నేను తియ్యాలా?

నాలుగోరోజు దీపం వెలిగించి వేసేశాను:
టోపీ వాలిపోయిన ఒక మనిషి,
మొహం మీద రెండు అరచేతులూ.
కుడిచేతికి అయిదు వేళ్ళు, గోళ్ళతో సహా,
చిటికెనవేలికి ఇత్తడి చుట్టు.

పొద్దున గురువు వచ్చాడు.
కీర్తనలు చదివినట్టు పెదాలు కదుపుతూ
ఆ చివర నుంచి కళ్ళు లెక్కపెట్టుకుంటూ వచ్చి
ఈ మూల దగ్గర ఆగాడు.
"వీడికెన్ని?"
"కనబడవు గురువుగారూ."
బయట వాన పట్టు వదల్లేదు.
శాలువా కొసతో ముక్కు తుడుచుకుని,
చాలాసేపయ్యాక,
"బొటనవేలు పొట్టిదైంది. సరిచెయ్,"
అన్నాడు.

ఇప్పుడది ఒక హోటలు మెట్లగోడ మీద ఉంది.
చూడ్డానికి రెండు కళ్ళు చాలవంటారు వచ్చినవాళ్ళు.
మొన్న ఒక చిన్నపిల్ల
అందరూ గుర్రాన్ని చూస్తుంటే
కింది మూల దగ్గర కూలబడి అడిగింది:
"అమ్మా, ఇతను దాగుడుమూతలాడుతున్నాడా?
ఎంతదాకా లెక్కపెట్టాడు?"

బొటనవేలు సరిచెయ్యలేదు నేను.
పొట్టిదే, ఒప్పుకుంటాను.
ఆ వేలు నేనెప్పుడూ చూళ్ళేదు మరి.