ఐదు వేళ్ళ తొడుగు

నివా బండి. నాకంటే రెండేళ్ళు చిన్నది.
నరీన్ సంతలో ఎనభై వేల సోముల దగ్గర మొదలైన బేరం
చలికి ఇద్దరి ముక్కులూ కారాక
డెబ్బై ఒకటికి తెగింది.
అమ్మినవాడు తాళంచెవితో పాటు
ఒక సుత్తి కూడా చేతిలో పెట్టాడు.
ఎందుకని అడగలేదు.
మర్నాడు పొద్దున్నే తెలిసింది,
స్టార్టరు నెత్తిన ఒక్కటి వేస్తేగానీ కదలదు.

మరిది సగిన్‌బెక్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు,
ఎద్దు పళ్ళు చూసే దళారిలా.
"వదినా, పొట్ట నేలకి తగులుతోంది, ఎత్తాలి."
ఎంతవుతుందన్నాను.
"కొత్త సామానైతే నీ ఏడాది జీతం,
నా సామానైతే ఒక గొర్రె."

గొర్రె అంటే గొర్రేనా మరి?
దాని తరవాత పాత లాడా వెనక స్ప్రింగులు,
అవి ఊడదీసిన షెడ్డువాడి కుక్కకి రెండు సూదులు,
ముందు స్ప్రింగుల కింద అల్యూమినియం బిళ్ళలు,
సైజు కలవని ఒక టైరుతో సహా నాలుగు టైర్లు.
అన్నీ టీకాల రిజిస్టరు వెనక పేజీల్లో రాసుకున్నాను.
డిసెంబరు దాకా రాశాను.
ఆ తరవాత రాయడం మానేశాను, భయమేసి.

మంచులో వెల్లకిలా పడుకుంటే
బోల్టు వేళ్ళకి అతుక్కుని చర్మం తీసుకుపోయింది.
నేను కొమ్ములు కోశాను, గిట్టలు చెక్కాను,
కళ్ళు మూసుకోకుండా ఎన్నో కోశాను.
పెద్ద టైర్లకి చోటు కావాలని
బండి మడ్‌గార్డు మీద గ్రైండరు పెట్టినప్పుడు మాత్రం
కళ్ళు మూసుకున్నాను.
"తెరువు వదినా, వంకరగా పోతోంది" అని సగిన్‌బెక్ అరుపు.
ఇప్పటికీ ఎడమ పక్క వంకరే.

బడి మరుగుదొడ్డి కట్టగా మిగిలిన గొట్టం
బండికి ముక్కయ్యింది.
బోనెట్ పక్కనించి పైకప్పు దాకా నిక్కి
ఇప్పుడది కొండగాలి పీలుస్తోంది.
దాని అదృష్టం.
తలుపుల లోపల పాత కంబళి ముక్కలు కుట్టాను,
చప్పుడు తగ్గుతుందని.
చప్పుడు తగ్గలేదు. వాన పడితే
తడిసిన గొర్రె వాసన మాత్రం వస్తుంది.

అంతా అయ్యాక బండి లేచింది,
కొలిస్తే సరిగ్గా నాలుగు వేళ్ళు.

మిగిలింది డిస్ట్రిబ్యూటరు.
ఇంజనుకి ముందువైపే ఉంటుంది, వాగు చూస్తే చాలు
జలుబు చేసినట్టు ఆగిపోతుంది.
మూత దుకాణంలో ఉందట, బిష్కెక్‌లో, ధర అడక్కన్నారు.
నా మందుల పెట్టె తెరిచాను.
ఈనలేని ఆవుల కోసం వాడే మందపాటి రబ్బరు తొడుగులు,
రెండే ఉన్నాయి.
ఒకదాని వేళ్ళ కొసలు కత్తిరించాను.
నాలుగు ప్లగ్గులకి నాలుగు తీగలు,
కాయిల్ నుంచి వచ్చేది ఐదోది.
ఐదు వేళ్ళలోంచి ఐదు తీగలు.
ఇంత చక్కగా సరిపోయిన లెక్క
నా బతుకులో ఇంకోటి లేదు.

మే నెలాఖరులో తుర్దుబూబూ మనవడు
గుర్రమ్మీద వచ్చాడు, మోకాళ్ళదాకా తడిసి.
వాగు అవతల ఆవుకి నిన్నటినించీ నొప్పులు,
తోక ముందు కనిపిస్తోందట.

మంచు కరిగిన నీళ్ళు, బూడిదరంగు, రాళ్ళు దొర్లిస్తూ.
మధ్యలోకి వచ్చేసరికి పాదాల మీదికి నీరెక్కింది.
పొగగొట్టం పుక్కిలించింది.
ఇంజను దగ్గితే నేనూ దగ్గాను.
ఆగలేదు.

అవతల గుడారం పక్కన పెట్టె తెరిస్తే
రెండో తొడుగు లేదు. ఏప్రిల్లో చిరిగింది,
రిజిస్టరులో రాసుకోలేదు, రాయడం మానేశాను కదా.
ఒక్కసారి బోనెట్ వైపు చూశాను.
కొసలు లేని వేళ్ళతో ఏం చేస్తాను?
చొక్కా చేయి భుజం దాకా మడిచి, సబ్బు రుద్దుకుని
వట్టి చేత్తోనే.

లోపల చీకటి, వెచ్చన.
మడిచిన కాలు ఒకటి దొరికింది, తరవాత రెండోది.
గిట్టని అరచేత్తో మూసి, మెల్లగా, మెల్లగా.

దూడ బతికింది. లేవలేదు.
తుర్దుబూబూ దాన్ని గడ్డితో రుద్దుతూ
బండి ఎంతకి కొన్నావని అడిగింది.
చెప్పాను.
"ఎక్కువ పెట్టావు" అంది.

చీకటి పడకముందే వాగు దాటాలి.
బోనెట్ ఎత్తి, సుత్తి తీసి
స్టార్టరు నెత్తిన ఠంగుమని ఒక్కటి.
ఆ చప్పుడుకి ఉలిక్కిపడి
దూడ లేచి నిలబడింది.
కాసేపటికి ఇంజనూ.