పన్నెండో అంకె

తిరుపతిలో, రేణిగుంట రోడ్డు మీద, రెండో అంతస్తులో
ఏసీ కింద కూర్చుని పన్నెండు గడులు గీశాను.
నాలుగు, నాలుగు, నాలుగు.
మధ్యలో రెండు సన్నటి ఖాళీలు,
ఊపిరి పీల్చుకోవడానికని.
సున్నాతోగానీ ఒకటితోగానీ మొదలెడితే
అక్కడే ఆపేస్తుంది నా తెర.
కొట్టిన అంకె కొట్టినట్టే చుక్కయిపోతుంది,
పక్కవాడి కంట పడకుండా.
చివరి అంకె ఉంది చూశారూ, అది సాక్షి.
ముందున్న పదకొండులో ఏది తడబడినా
పట్టేస్తుంది,
పెళ్ళి చదివింపుల లెక్క రాసే మేనమామలా.

తప్పయితే ఎర్ర గీత.
గీత కింద రెండు మాటలు:
"సంఖ్య చెల్లదు."
క్లుప్తంగా ఉందన్నాడు మేనేజరు.
నాకూ ముచ్చటేసింది.

జూన్ నెలాఖరు. బంగారుపాళెం దాటాక గుజ్జు ఫ్యాక్టరీ.
గేటు బయట తోతాపురి టెంకలు గుట్టలుగా పులుస్తున్నాయి.
ఈ సీజను నుంచి కూలి ఫోన్‌లోనే పడుతుందని
షిఫ్టు దిగిన ఆడవాళ్ళని వరసలో నిలబెట్టారు.
పక్కన నేను, నోటుబుక్కుతో.
చూడ్డమే నా పని. నోరు విప్పకూడదు,
పరీక్ష నియమం.

ఏడో మనిషి చెల్లమ్మ.
కార్డు తియ్యలేదు. నోటికొచ్చునంది.
"ముప్పై ఆరు... డెబ్బై... నలభై రెండు..."
జతలు జతలుగా చెబుతోంది,
క్రేట్లు దించేటప్పుడు లెక్కపెట్టినట్టు.
నా గడులు నాలుగేసి. ఆమె ఊపిరి రెండేసి.
మూడో జత దగ్గర మునిశేఖర్ వేలు ఆగి
"మళ్ళీ చెప్పుమా" అన్నాడు.
మళ్ళీ మొదట్నుంచి చెప్పింది.
మధ్యలో అందుకుంటే రాదట.

ఎర్ర గీత.
ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదివాడు వాడు.
వరసలో ఎవరో కిసుక్కుమన్నారు:
"చెల్లమ్మ చెల్లదంట మే!"
ఆమె కూడా నవ్వింది. ముందు.

తర్వాత కొంగుకి చేతులు తుడుచుకుంటూ,
"మా తాత పెట్టినాడు సామీ, ముద్దుగా.
మా యింట్లో అరవం కదా.
దాంట్లో చెల్లేదేంది, చెల్లనిదేంది?"

అప్పుడు చూశాను తెర వైపు.
పదకొండు చుక్కలు.
పన్నెండో గడి ఖాళీ.
సాక్షి రాకుండానే
తీర్పు చెప్పేశాను నేను, తిరుపతిలో కూర్చుని.

నియమం తప్పి అడిగాను,
"ఆ తొమ్మిదికి ముందు సున్నా ఏమన్నా ఉందా అమ్మా?"
"ఉంటే ఉంటాది. సున్నాని ఎవురు పలకతారు?"

గీత పచ్చబడింది.
తర్వాత వేలిముద్ర.
బొటనవేలు. చూపుడువేలు. ఇంకో చెయ్యి.
ఏప్రిల్ నుంచి పులుపులో నానిన వేళ్ళు.
గీతలన్నీ గుజ్జులో కలిసి
డబ్బాల్లో ఏ ఓడ ఎక్కిపోయాయో.
"క్రేట్లు ఎత్తేటప్పుడు అడగలేదే
నువ్వు ఎవురని," గొణిగింది,
మిషనుతోనో, చేతితోనో.

ఓటీపీ అల్లుడి ఫోన్‌కి పోయింది.
అల్లుడు కోలార్లో రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతున్నాడు.
రెండు నిమిషాలు నేను పెట్టిన గడువే,
అంకెలు వెనక్కి నడుస్తూ నడుస్తూ
సున్నా దగ్గర ఆగాయి.
ఆ సున్నాని మాత్రం
అందరూ పైకే చదివారు.

ఆటో హారన్ కొట్టింది. "రేపొస్తాలే" అని వెళ్ళిపోయింది.
ఆరు రోజుల కూలి.

రాత్రి లాప్‌టాప్ మీద వేలు పెట్టాను.
ఒక్కసారికే తెరుచుకుంది.
మెత్తటి వేలు, ఏ పనీ ఎరగని వేలు.

చుక్కల పక్కన కన్ను బొమ్మ పెట్టాను, కావాలంటే చూసుకునేలా.
రెండేసి చెప్పేవాళ్ళకి రెండేసి గడులు.
"చెల్లదు" కొట్టేసి రాశాను:
"ఒక అంకె తగ్గినట్టుంది. ఎక్కడన్నా సున్నా ఉందేమో చూడండి."
పొడుగైందన్నాడు మేనేజరు.
కానీ అన్నాను.

వేలిముద్ర పడనప్పుడు ఏ మాట రాయాలో
ఇంకా తోచలేదు.
ఆ గీత కింద
తెల్లగా వదిలేశాను.