వాసన డ్యూటీ

పుణె నుంచి రిజిస్టరు పోస్టు.
బ్రాడీపేటలో గుమ్మం మీదే నిలబడి సంతకం పెట్టాను.
"మీ నిద్రబండిలో బిగించిన గ్యాసు రెగ్యులేటరు
లోపమున్న బ్యాచిలోది. కారే అవకాశం ఉంది.
సిలిండరు వెంటనే కట్టేయండి. కొత్తది ఉచితంగా పంపుతాం.
కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

అసౌకర్యం.
ఆ మాట మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాను.

ముప్పై మూడేళ్లు పెద్దాసుపత్రిలో
ఆక్సిజన్ సిలిండర్లు తిప్పిన చేతులివి.
రత్నకుమారీ నేనూ ఒకే బ్యాచి, ఒకే హాస్టలు,
ఒకే నెలలో రిటైర్మెంటు.
వచ్చిన డబ్బులో చెరిసగం వేసుకుని
పాత టెంపో ట్రావెలర్ని ఇల్లు చేయించాం.
రెండు మంచాలు, ఒక సింకు, ఒక పొయ్యి,
వాక్యాల క్యాలెండరు,
కింద రెండు వేళ్ల సందున్న తుప్పు తలుపు.

ఆ సందులో నేను పాత చీర కుక్కేదాన్ని, దోమలని.
ఊపిరాడట్లేదని తను కాలితో లాగేసేది.
ఊరూరా ఇదే తగువు.

ఇక ఎవరికీ చెప్పని సంగతి.
రెండో వేవులో జ్వరం పోతూ పోతూ నా వాసన పట్టుకుపోయింది.
మిర్చి యార్డు ముందు బస్సాగితే
కళ్లు నీళ్లు కారతాయి, ముక్కు మండుతుంది,
ఘాటు ఉంటుంది, వాసన ఉండదు.
మారేడుమిల్లిలో ఒక రాత్రి రత్నం లేచి కూర్చుంది.
"ఏదో కుళ్లు వాసన రావట్లా?"
"నిన్నటి గుడ్ల పులుసు గిన్నె. పడుకోవే."
పడుకుంది.
వార్డు గుమ్మం దగ్గరే నిలబడి
ఏ మంచం మీద పుండు చీముపట్టిందో చెప్పే ముక్కు నాది.
దాన్ని నమ్మి పడుకుంది.

ఆటోనగర్లో బాజీ మగ్గులో సర్ఫు కలిపి
కుంచెతో రెగ్యులేటరు మెడకి రాశాడు.
ముగ్గురం వంగి చూశాం.
ఒక బుడగ.
నిద్రపోయే పసిబిడ్డ పెదవి మీద ఉబ్బినట్టు
మెల్లగా ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది.

"ఇంత కంపు కొడతా ఉంటే ఎట్టా పడుకున్నారమ్మా?
గ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పాకుద్ది.
ఈ తలుపు సందే మిమ్మల్ని కాసింది."

రత్నం సందు వైపు చూసింది. తర్వాత నా వైపు.
చెప్పేశాను, స్పానర్ల మధ్య, డీజిలు మడుగు పక్కన.
"ఎప్పట్నుంచి?"
"రెండో వేవు."
చాలాసేపటికి అంది:
"మరి నా ములక్కాడ సాంబారు
అదిరిందని ఎలా చెప్పావే ఇన్నాళ్లూ?"
"ఉప్పు తెలుస్తుందిగా."
నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
సోమవారం దాకా మాట్లాడలేదు.

ముప్పై ఎనిమిది రోజులకి పార్శిలొచ్చింది.
రక్తం సీసా ఎక్కించేముందు చూసినట్టు
తను నంబరు చదివింది, నేను సరిచూశాను,
నేను చదివాను, తను సరిచూసింది.
బాజీ బిగించాడు. సర్ఫు రాశాడు. బుడగ లేదు.
"అయిపోయిందమ్మా" అన్నాడు.
మేం ఇంకో పది నిమిషాలు కదల్లేదు,
చేతి గడియారం చూసుకుంటూ.
"తలుపు సందు మూసేయమంటారా?"
"వద్దు" అన్నాం, ఇద్దరం ఒకేసారి.

క్యాలెండరు వెనక రత్నం పెన్సిలుతో రాసింది:
రాత్రి డ్యూటీ. ముక్కు, రత్నకుమారి. చెవులు, సువార్త.

ఇప్పుడు సూర్యలంకలో ఉన్నాం. దీపం ఆర్పేశాక
తను ఒకసారి గట్టిగా పీల్చి అప్పజెబుతుంది:
గ్యాసు లేదు. ఎండుచేపలు. సరుగుడు ఆకు.
ఎవరో కాఫీ గింజలు వేయిస్తున్నారు.

ఇంత రాత్రి, ఈ ఇసకలో, కాఫీ గింజలా?
నేనేం అడగను.
అటు తిరిగి పడుకుంటాను.