దైవసహాయం గారి టెంప్లేట్

అమలాపురం డ్రెయిన్ల ఆఫీసులో
నాకు అప్పజెప్పినవి మూడు:
కాలు విరిగిన స్టూలు, ఓ పెన్‌డ్రైవు,
‘ఇందులో ఏదీ కదపకమ్మా’ అని ఓ మాట.

పెన్‌డ్రైవులో ఒకటే ఫైలు.
ఇరవై ఏళ్లుగా ప్రతి కాలవా, ప్రతి బోదే
దాని కడుపునే పుట్టాయి.
లోపల ఏముందో ఎవరూ అడగలేదు,
అత్తగారి పచ్చడి జాడీని అడగనట్టు.

మొన్న ఉపగ్రహ చిత్రం కింద పరిచి చూద్దును కదా,
మా కాలవ లేదు.
వెతగ్గా వెతగ్గా దొరికింది
బిజాపూరు దగ్గర, నల్లరేగడిలో,
జొన్నచేల మీదుగా దర్జాగా పోతూ
లాకులతో, తూములతో, రెండు వంతెనలతో సహా.
ఏఈ గారు నవ్వేరు:
‘కాలవలు కట్టేసిన రోజులు కదమ్మా,
ఎక్కడుంటే ఏం?’

జోన్ తప్పు.
నలభై నాలుగు ఉండాల్సిన చోట నలభై మూడు.
దిద్దేను. కాలవ కొంగలా ఎగిరొచ్చి
మన వైపు వాలింది.
వాలింది గానీ కుదురుకోలేదు.

ఒకరి హయాంలో అడుగులు, ఒకరి హయాంలో మీటర్లు.
తూములన్నీ తూముల్లాగే ఉన్నాయి,
లస్కరు గది మాత్రం కల్యాణమండపమై కూర్చుంది.
కాగితంలో పట్టడం కోసం
ఎవరో మహానుభావుడు
ఉత్తరాన్ని కాస్త ఒరగదీశాడు.
అదీ నిలబెట్టేను.

ఇంకా మిగిలింది
పద్నాలుగు మీటర్ల అరవై.
ప్రతి గీతా ఒకే దిక్కుకి, ఒకే దూరం.
ముసలాయన చెయ్యి జారిందనుకున్నాను.
రాత్రి అన్నం తింటూ మళ్లీ అనుకున్నాను:
చెయ్యి జారితే గీతలు చెదరాలి.
ఇవి చెదరలేదు.

అడుగున గడ్డకట్టించిన లేయరొకటి, పేరు ‘రాయి’.
తెరిస్తే ఒక్క చుక్క.
పక్కన చీమల్లాంటి అక్షరాలు:
లాకు, కుడి రెక్కగోడ. ఇక్కణ్ణించే అన్నీ.

లస్కరు యాళ్ల సత్తిరాజు గొడుగేసుకుని వచ్చేడు.
రాయి ఉంది. బాణం గుర్తు మీద సున్నం ఉంది.
పరికరం నిలబెట్టి, రిజిస్టరు తెరిచి చూస్తే
అదే తేడా, సెంటీమీటరు తప్పకుండా.

‘ఈ రాయి మొదట్నించీ ఇక్కడేనా?’
‘ఆయ్, కాదండి.
వరదకి గోడ కూలిపోతే కంట్రాక్టరు గారు
కొత్త గోడలో పెట్టించేరండి. అందంగా ఉంటాదని.
పాత చోటు అదిగోనండి’
అని చూపించేడు.
గుర్రపుడెక్క. దాని కింద నీళ్లు.

టేపు ఓ కొస నా చేతిలో.
రెండో కొసతో సత్తిరాజు
మోకాల్లోతులో, పంచె ఎగ్గట్టి,
పాత చోటుని కాలితో తడుముతున్నాడు.
‘ఇదేనండి. పునాది తగిలింది.’
పద్నాలుగు అరవై.

ఆయన లెక్క తప్పలేదు.
రాయి ఇల్లు మారింది,
ఆయనకి ఎవరూ చెప్పలేదు.
చెప్పనిదాన్ని పట్టుకుని
జిల్లా అంతా కొలిచేడు మనిషి,
వెంట్రుకవాసి తేడా లేకుండా.

ఆఫీసుకొచ్చి అన్నిటినీ కలిపి పట్టుకున్నాను.
పదకొండు వందల డ్రాయింగులు.
ఎంటర్ నొక్కబోయి, లేచి మంచినీళ్లు తాగొచ్చేను.
రేపు కొప్పిశెట్టి వారి దొడ్లో పెగ్గులు పీకాలి,
వాళ్లు కొట్టేసుకున్న కొబ్బరిచెట్లు మూడింటికి
ఏం చెప్పాలో తెలీదు.

చుక్కని చెరపలేదు.
‘పాత చోటు, నీళ్లలో’ అని రాసి
తారీఖు వేసి, కింద
రత్నమాణిక్యం అని నా పేరు.

మోరి ఫోన్ చేశాను.
గెడ్డం దైవసహాయం గారు చాలాసేపటికి ఎత్తేరు.
‘కదిపేవా?’
‘కదిపేనండి.’
అటు ఫ్యాను చప్పుడు.
‘ఎటువైపు?’
‘గట్టు వైపండి.’
‘అయితే ఇన్నాళ్లూ
నీళ్లలో నించునే కొలిచేనన్నమాట’
అన్నారాయన.